'ప్లాంటేషన్' అంటే తోటేనా?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువుభత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి చెప్పవలసినదంతా మన కార్యదర్శిగారు చెప్పారు. నాకిచ్చిన అరగంటలో నేను ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఆ మాట 'ప్లాంటేషన్'. నేను భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. ముప్ఫయ్యయిదేళ్లు గుమాస్తాగా ఫైళ్లు రాసినవాణ్ణి. కాగితం మీద ఉన్న మాట ఎవరి తరఫున పని చేస్తున్నదో చూడడం ఆ ఉద్యోగంలో అబ్బిన విద్య. ఆ విద్యతోనే ఈ మాటనూ చూశాను.

ఇన్ని మాటలుండగా ఇదే ఎందుకు అంటారేమో. మనలో కొందరి ఇళ్లలో, బీరువా అడుగు అరలో, 1990ల నాటి టేకు ప్లాంటేషన్ సర్టిఫికెట్లు ఇప్పటికీ ఉన్నాయి. గ్రాట్యుటీ డబ్బు, కమ్యుటేషన్ డబ్బు అందులో పోసినవారు ఉన్నారు. వారిలో కొందరు ఇప్పుడు లేరు, కాగితాలు మాత్రం పిల్లల చేతికి వచ్చాయి. ఆ సంగతికి చివరకు వస్తాను. అంతకుముందు ఈ మాట ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడ తిరిగి మన దగ్గరకు వచ్చింది అన్నది కొంత చెప్పాలి. అది తెలిస్తే ఆ సర్టిఫికెట్టును చదవడం సులువవుతుంది.

లాటిన్ భాషలో 'ప్లాంటా' అంటే లేత మొక్క. అదే మాటకు అరికాలు అనే అర్థం కూడా ఉంది. మనలో చాలామందికి పొద్దున్న మంచం దిగగానే మడమ పోటు వస్తుంది కదా, దానికి డాక్టర్లు 'ప్లాంటార్ ఫేషియైటిస్' అని పేరు పెట్టారు. ఆ ప్లాంటారూ, మొక్క ప్లాంటూ ఒకే మాటలోంచి వచ్చాయి. మొక్కను గుంటలో పెట్టి చుట్టూ మట్టిని కాలితో తొక్కి గట్టిపరుస్తాం, అందుకే రెండింటికీ ఒకే పేరు వచ్చిందని కొందరు పండితుల ఊహ. ఏమైనా, 'ప్లాంటేషన్' అంటే మొదట 'నాటడం' అనే పని పేరు. అంతకు మించి ఏమీ లేదు.

చిత్రమేమంటే ఇంగ్లీషులో ఆ మాట స్థిరపడుతున్న కాలంలో వాళ్లు నాటినది మొక్కల్ని కాదు, మనుషుల్ని. మన తరంలో బి.ఏ. ఇంగ్లీషు చదివినవారికి ఫ్రాన్సిస్ బేకన్ వ్యాసాలు గుర్తుండే ఉంటాయి. 1625లో వచ్చిన ఆయన సంపుటంలో తోటల మీద ఒక వ్యాసం ఉంది. ప్లాంటేషన్ల మీద ఇంకొక వ్యాసం ఉంది. తోటల వ్యాసంలో పూలు, చెట్లు, నీడ, నడిచే బాటలు ఉంటాయి. ప్లాంటేషన్ల వ్యాసంలో ఉన్నది కొత్త దేశాల్లో తమవాళ్లను ఎలా దింపాలి, ఎలాంటి మనుషుల్ని పంపాలి, అక్కడ ఏం పండించుకోవాలి అన్న విచారం. అంటే నాలుగువందల ఏళ్ల కిందటే, ఆ భాషలోనే, తోట వేరు, ప్లాంటేషన్ వేరు. ఒకే రచయిత రెండు వ్యాసాలు రాయవలసినంత వేరు.

బేకన్ ఆ మాట వాడేనాటికి దానికి ఒక ప్రభుత్వ పథకం కూడా ఉంది. ఐర్లండులో ఉత్తరాన అల్‌స్టర్ అనే ప్రాంతం ఉంది. అక్కడి ఐరిష్ దొరలు 1607లో దేశం విడిచి వెళ్లిపోయాక, ఇంగ్లండు రాజు జేమ్స్ వాళ్ల భూములు స్వాధీనం చేసుకుని 1609 నుంచి ఇంగ్లీషువారినీ స్కాట్లండువారినీ తెచ్చి ఆ భూముల్లో దింపాడు. చరిత్రలో దాని పేరు 'అల్‌స్టర్ ప్లాంటేషన్'. అక్కడ చెట్టూ లేదు, చేమా లేదు. ఆ తరవాత అమెరికా తీరంలో 1620లో ప్లిమత్ దగ్గర దిగినవారు కూడా తమ వలసను ప్లాంటేషన్ అనే పిలుచుకున్నారు. వలసల వ్యవహారాలు చూడడానికి 1696లో లండనులో ఏర్పడిన బోర్డు పేరు 'వర్తకం, ప్లాంటేషన్ల' బోర్డు. మన గుమాస్తా సోదరులు అక్కడా ఉండే ఉంటారు, ఇన్‌వర్డు, అవుట్‌వర్డు రిజిస్టర్లు రాసుకుంటూ.

మన భాషలో 'నాటు' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. వరి నాటు ఒకటి. నాటు కోడి, నాటు మందు అనేటప్పుడు ఆ దేశానిదే, స్థానికమైనదే అన్నది ఇంకొకటి. రెండింటికీ మూలం వేరు, పోలిక యాదృచ్ఛికం. అయినా అల్‌స్టర్ కథ చదువుతున్నప్పుడు నాకిది గుర్తుకు వచ్చింది. అక్కడ ఒక నాటు కోసం ఇంకొక నాటును పెరికారు.

మనుషుల్ని నాటడం అనే అర్థం నుంచి ఇప్పటి అర్థానికి ఈ మాట ఎలా మారింది? వెస్టిండీస్‌లో బార్బడోస్ దీవి ఉంది. అక్కడ 1640ల నుంచి చెరకు పెద్ద ఎత్తున వేశారు. చెరకుకు చాకిరీ ఎక్కువ. గానుగ అక్కడే ఉండాలి, నరికిన గడ ఎండిపోకముందే ఆడాలి. దానికి ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా తెచ్చారు. భూమి ఒకరిది, అదీ కొత్తగా చేజిక్కినది. పంట ఒక్కటే, అది తినడానికి కాదు, ఓడలో ఎక్కించడానికి. చాకిరీ చేసేవాడు ఇంకో ఖండం నుంచి వచ్చినవాడు, అతనికి కూలి లేదు, వెళ్లిపోయే వీలు లేదు. ఈ మొత్తం ఏర్పాటుకు ప్లాంటేషన్ అన్న పేరు స్థిరపడింది. అమెరికాలో పొగాకుకు, వరికి, పత్తికి ఇదే పద్ధతి పాకింది. ఆ మూడువందల పైచిలుకు ఏళ్లలో ఆఫ్రికా తీరం నుంచి ఓడలెక్కించిన మనుషులు సుమారు కోటీ ఇరవైయైదు లక్షలని చరిత్రకారులు లెక్క తేల్చారు. అందులో పద్దెనిమిది లక్షలమంది దాకా దారిలోనే పోయారు.

అందుకే అమెరికాలో ఈ మాట వింటే నల్లజాతివారికి చెవిలో సీసం పోసినట్టుంటుంది. మన పిల్లలు అక్కడ ఉన్నారు, మనలో కొందరం ఆరేసి నెలలు వెళ్లి వస్తుంటాం. కిటికీకి పెట్టే చెక్క రెక్కల తలుపును అక్కడి కొట్లలో 'ప్లాంటేషన్ షట్టర్' అంటారు. ఫ్లోరిడాలో ఒక ఊరి పేరే ప్లాంటేషన్. దక్షిణ రాష్ట్రాల్లో పాత దొరల బంగళాలు పెళ్లిళ్లకు అద్దెకిస్తారు, బానిసల గుడిసెలు ఉన్న ఆవరణలోనే. 2019లో పెళ్లి ఏర్పాట్ల ప్రచారం చేసే పెద్ద సంస్థలు కొన్ని ఆ బంగళాలను గొప్పగా చూపడం మానుకుంటామని ప్రకటించాయి. రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రం ఉంది. దాని పూర్తి పేరు 'రోడ్ ఐలండ్, ప్రావిడెన్స్ ప్లాంటేషన్ల రాష్ట్రం' అని ఉండేది. అక్కడ ఆ మాట వలస అనే పాత అర్థంలోనే పెట్టారు, బానిసల పొలం అని కాదు. అయినా దాన్ని తీసెయ్యాలా అని 2010లో ఓటు పెడితే జనం వద్దన్నారు. 2020లో మళ్లీ పెడితే తీసెయ్యమన్నారు. నిఘంటువు ప్రకారం మొదటి ఓటుది న్యాయం, విన్నవారి చెవి ప్రకారం రెండోదానిది న్యాయం. నేనయితే రెండోదానివైపే ఉంటాను. మాట అర్థం తేల్చేది దాన్ని రాసినవాడొక్కడే అయితే, చదివేవాడికి ఫైలులో పనేముంది?

ఇక మనవాళ్ల సంగతి. బ్రిటిషువారి పాలనలో బానిసత్వం రద్దు చేస్తూ 1833లో చట్టం వచ్చింది, 1834 ఆగస్టు నుంచి అమలైంది. నష్టపరిహారంగా రెండు కోట్ల పౌన్లు ఇచ్చారు. ఇచ్చింది బానిసలకు కాదు, యజమానులకు. చెరకు మాత్రం నరకాలి కదా. ఆ చేతులకోసం మన దేశం మీద పడ్డారు. అయిదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుని ఓడెక్కించడం మొదలైంది. 'అగ్రిమెంటు' అన్న మాట జనం నోట 'గిర్మిట్' అయింది, వేలిముద్ర వేసినవారు 'గిర్మిటియా'లు అయ్యారు. 1834 నవంబరులో మారిషస్‌కు, 1860లో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, 1879లో ఫిజీకి ఈ ఓడలు మొదలయ్యాయి. నేటాలుకు వెళ్లిన మొట్టమొదటి ఓడ 'ట్రూరో' మద్రాసు రేవు నుంచే బయలుదేరింది. అప్పటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి కూడా తెలుగువారు వెళ్లారు.

గోదావరి ముఖద్వారంలో కోరంగి రేవు ఉండేది. 1839 తుపానులో ఆ ఊరు కొట్టుకుపోయింది. కానీ ఆ రేవు పేరు మీద బర్మాలో తెలుగువారందరినీ 'కోరంగీలు' అనేవారు. ఊరు పోయాక కూడా పేరు సముద్రం అవతల బతికింది. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇస్తారన్న సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆ సెలవు వెనుక చెరకు పొలాల్లో నడుము వంచిన మన ముత్తాతల తరంవారు ఉన్నారు. వాళ్లు ఓడ దిగి మెట్లెక్కిన చోటును 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మనుషుల్ని ఇలా ఒప్పందం మీద పంపడం 1917లో ఆపారు. ఫిజీలో మిగిలిన ఒప్పందాలను 1920 జనవరి 1న రద్దు చేశారు.

మలయాకు వెళ్లినవారిది కొంత వేరు. అక్కడ రబ్బరు, కొబ్బరి. వాళ్లు ప్లాంటేషన్ అనలేదు, 'ఎస్టేట్' అన్నారు. పేరాక్ రాష్ట్రంలో బాగాన్ దాతో వైపు కొబ్బరి ఎస్టేట్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉండేవి. అస్సాంలో తేయాకుకు వెళ్లిన మనవాళ్లు 'బాగాన్' అన్నారు, దొరలు 'గార్డెన్' అన్నారు. వినడానికి తోట. కానీ 1882 నాటి చట్టం ప్రకారం ఒప్పందం వదిలి పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకునే అధికారం తోట దొరకు ఉండేది. కాబట్టి తోట అన్న మాట కూడా దానంతట అదే శుద్ధమైనదని నేననను. మాట ఏదయినా దాని వెనుక భూమి ఎవరిది, చాకిరీ ఎవరిది, ఫలం ఎవరిది అని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ప్లాంటేషన్ అన్న మాటకు మాత్రం ఈ ప్రశ్నలను కప్పిపెట్టే గుణం కొంచెం ఎక్కువ. చెట్లు ముందు కనిపిస్తాయి, మనుషులు వెనక్కు పోతారు.

స్వతంత్రం వచ్చాక మన పార్లమెంటు ఆ మనుషుల్ని ముందుకు తెచ్చింది. అది 1951 నాటి ప్లాంటేషన్ కార్మికుల చట్టం. అందులో ప్లాంటేషన్ అంటే తేయాకు, కాఫీ, రబ్బరు, సింకోనా. తరవాత ఏలకులు చేర్చారు. మొదట 25 ఎకరాలు, 30 మంది పనివారు ఉంటే వర్తించేది. 1981 సవరణతో 5 హెక్టార్లు, 15 మంది అయింది. ఆ కొలత దాటితే యజమాని ఇల్లు కట్టించాలి, తాగే నీరివ్వాలి, వైద్యం చూడాలి, తల్లులు పనికి వెళ్తే పసిపిల్లలకు గది పెట్టాలి, పిల్లలకు బడి పెట్టాలి. ఇక్కడ మాట కార్మికుడి పక్షాన నిలబడింది. 2020లో పార్లమెంటు చేసిన కొత్త కార్మిక కోడులో ఈ చట్టాన్ని కలిపారు, 5 హెక్టార్ల కొలత అందులోనూ ఉంది.

అదే మాట ఇంకొక రాష్ట్రంలో యజమాని పక్షాన నిలబడింది. కేరళ భూసంస్కరణల చట్టంలో ప్లాంటేషన్లకు పరిమితి నుంచి మినహాయింపు ఇచ్చారు. తేయాకు, కాఫీ, కోకో, రబ్బరు, ఏలకులు, దాల్చిన చెక్క ఉంటే ఆ పేరు దక్కుతుంది. కేరళ అంటేనే కొబ్బరి, కానీ కొబ్బరితోటకు ఆ పేరు దక్కలేదు. వెయ్యి ఎకరాల రబ్బరు నిలిచింది, కొబ్బరితోటకు మాత్రం పరిమితి పట్టింది. నిర్వచనంలో ఒక పంట పేరు ఉండడం, ఉండకపోవడం ఎంత పని చేస్తుందో రెవెన్యూలో పనిచేసినవారికి నేను చెప్పనక్కరలేదు.

మన దగ్గర అరకు, చింతపల్లి, పాడేరు చూడండి. అక్కడ అటవీ అభివృద్ధి సంస్థవి కాఫీ ప్లాంటేషన్లు ఉన్నాయి. ఆ పక్కనే గిరిజనులు ఎకరం, రెండెకరాల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ వేసుకుని, ఆ చెట్లకే మిరియాల తీగ పాకించుకున్నారు. మొక్క ఒకటే, నీడ ఒకటే, గింజ ఒకటే. 2019లో 'అరకు వ్యాలీ అరబికా' కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ అది ప్లాంటేషన్, ఇది తోట. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఒక కుటుంబానికి ఇవ్వగల భూమి 4 హెక్టార్లకు మించదు. కార్మిక చట్టం కొలత 5 హెక్టార్ల నుంచి మొదలవుతుంది. కాబట్టి ఆ పట్టా ఉన్న గిరిజనుడి కాఫీ తోట చట్టం దృష్టిలో ఎప్పటికీ ప్లాంటేషన్ కాదు. కాకపోవడమే మేలు. తన కాఫీ తాను కోసుకునేవాడికి ఎవరు ఇల్లు కట్టించాలి? పేపర్లవాళ్లు మాత్రం 'గిరిజన కాఫీ ప్లాంటేషన్లు' అని రాస్తుంటారు. అలా రాయడం నాకు నచ్చదు. అక్కడ తోట అనాలి.

తోటకు మన భాషలో కరువేమీ లేదు. తోట, తోపు, వనం, ఉద్యానం. తెలంగాణ రెవెన్యూ లెక్కల్లో బాగాత్. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడిమామిడి సీమకు ఉద్దానం అని పేరు. ఉద్యానమే ఉద్దానమైందని అక్కడివారు చెబుతారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ చెట్లను పడగొట్టినప్పుడు ఎవరి చెట్టు ఏదో పిల్లవాడు కూడా చూపించగలిగాడు. మన 'తోపు'ను ఇంగ్లీషువారు 'టోప్' అని పలికారు, రెవెన్యూ పుస్తకాల్లోకి ఎక్కించారు. అది తిరిగి మన అడంగల్లోకి 'టోపు పోరంబోకు'గా వచ్చింది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను కొత్త పేరుతో పిలిచినట్టు.

అటవీ శాఖవారి ప్లాంటేషన్ ఇంకొకటి. మలబారు కలెక్టరు కనోలి 1840లలో నిలంబూరులో టేకు నాటించాడు. చాతు మీనన్ అనే ఉద్యోగి మొలకలు తెప్పించే ఒడుపు కనిపెట్టి ఆ పని నిలబెట్టాడు. ఆ చెట్లలో కొన్నింటిని ఇప్పటికీ కనోలి ప్లాట్ అని చూపిస్తారు. అది ప్రభుత్వ భూమి, ప్రభుత్వ టేకు. అక్కడ టేకును సాధారణంగా యాభై అరవై ఏళ్లకు గాని నరకరు. ఈ అంకె గుర్తుంచుకోండి, దీనితో తరవాత పనుంది. శాఖలో ప్రతి ప్లాంటేషనుకు ఒక జర్నలు ఉంటుంది. ఎప్పుడు నాటారు, ఎన్ని నాటారు, ఎన్ని బతికాయి అని అందులో రాయాలి. 1950లో మున్షీగారు వనమహోత్సవం మొదలుపెట్టిన నాటి నుంచి 2015లో తెలంగాణ హరితహారం దాకా నాటిన సంఖ్య పేపర్లో వస్తుంది. బతికిన సంఖ్య జర్నల్లో ఉంటుంది. జర్నలు చూడమని అడిగేవారు తక్కువ. ఇంకొకటి. దేశంలో అడవి ఎంత అని లెక్క వేసేటప్పుడు ఒక హెక్టారుకు మించి చెట్లుండి, పైన కొమ్మల గుబురు పది శాతం దాటితే చాలు, భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా, అడవి విస్తీర్ణంలో కలుస్తుంది. మామిడితోట కలుస్తుంది, నీలగిరి ప్లాంటేషన్ కలుస్తుంది. నీలగిరి వరసల మధ్య నడిచినవారికి అక్కడ పిట్ట కూత ఎంత వినిపిస్తుందో తెలుసు.

ఇక టేకు సర్టిఫికెట్ల దగ్గరకు వస్తాను.

1990ల మొదట్లో పేపరు తెరిస్తే టేకు ప్లాంటేషన్ ప్రకటన. ఇవాళ కొన్ని వేలు కట్టండి, ఇరవై ఏళ్లకు లక్షలు తీసుకోండి. కూతురి పెళ్లికి టేకు, మనవడి చదువుకు టేకు. పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద ఒక ముసలాయన నవ్వుతూ. మా సెక్షను సూపరింటెండెంటుగారు 1994లో రిటైరయ్యారు. చాలా నిక్కచ్చి మనిషి. ఒక్క వోచరు తక్కువైతే బిల్లు వెనక్కు కొట్టేవారు. అలాంటాయన గ్రాట్యుటీలో మూడో వంతు ఆ పథకంలో పెట్టారు. కారణం నేను అడిగితే, "షేర్లయితే కాగితం, బాబూ. ఇది చెట్టు. చెట్టు ఎక్కడికి పోతుంది?" అన్నారు. ఆయన్ను తప్పు పట్టలేను. ఆయన చెవికి ప్లాంటేషన్ అంటే తోటే వినిపించింది. వాళ్ల నాన్నగారికి మామిడితోట ఉండేది. పట్టా ఉన్న తోట, గట్టు తెలిసిన తోట, నీళ్లు పెట్టే మనిషి పేరు తెలిసిన తోట.

ఒకసారి బస్సులో తీసుకెళ్లి తోట చూపించారట. మొక్కలు నిజంగానే ఉన్నాయి. వాటిలో తనవి ఏవి అని అడిగితే, అన్నీ మీవే, అందరివీ అన్నారట. 1998లో ఆఫీసుకు తాళం పడింది. ఆ మరుసటేడు ఆయన కాగితాలన్నీ సంచిలో వేసుకుని మా ఇంటికి వచ్చారు. చదివాను. సర్టిఫికెట్టు మీద చెట్ల సంఖ్య ఉంది, యూనిట్ నెంబరు ఉంది, సీలు ఉంది. సర్వే నెంబరు లేదు. గ్రామం పేరు లేదు, జిల్లా పేరు మాత్రం ఉంది. వెనకవైపు సన్నటి అక్షరాల్లో, భూమి సంస్థ లీజుకు తీసుకున్నదని, నిర్వహణ అంతా సంస్థదేనని, సభ్యుడు అందులో జోక్యం చేసుకోరాదని ఉంది. రెండు మూడు సార్లు బయటకు చదివాను. ఆయన మంచినీళ్లడిగారు. పక్క గదిలో మా ఆవిడ టీవీ కట్టేసింది.

అప్పటికే, 1997 నవంబరులో, కేంద్ర ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. ప్లాంటేషన్ బాండ్లు, ఆగ్రో బాండ్లు వంటివన్నీ సామూహిక పెట్టుబడి పథకాలే, అవి సెబీ అదుపులోకి వస్తాయి అని. 1999లో సెబీ నిబంధనలు వచ్చాయి. సెబీ చట్టంలో 11ఏఏ అనే సెక్షను చేర్చారు. అందులో ఏది సామూహిక పెట్టుబడి పథకమో నాలుగు గుర్తులు చెప్పారు. పదిమంది డబ్బు ఒకచోట కలపడం. లాభం వస్తుందన్న ఆశతో కట్టడం. ఆ ఆస్తిని కట్టినవారి తరఫున ఇంకొకరు నడపడం. రోజువారీ వ్యవహారంలో కట్టినవారికి చెయ్యి లేకపోవడం. 2013లో సుప్రీంకోర్టు ఈ సెక్షను చెల్లుతుందని తీర్పు చెప్పింది.

నాలుగో గుర్తు చూడండి. రోజువారీ వ్యవహారంలో చెయ్యి లేకపోవడం. మనం తోట అనేది దేన్ని? రోజూ చెయ్యి పెట్టేదాన్నే కదా. చట్టం రాసినవారికి తెలుగు రాకపోయినా, తోటకూ ఈ ప్లాంటేషనుకూ ఉన్న తేడా సరిగ్గా పట్టుకున్నారు. ఆ సెక్షను పదేళ్ల ముందు వచ్చి ఉంటే ఎంతమంది గ్రాట్యుటీలు నిలిచేవో! నిబంధనలు వచ్చేనాటికి చాలా కంపెనీల బోర్డులే లేవు.

చెట్టు సంగతి కూడా చెప్పాలి. నిలంబూరులో అరవై ఏళ్లదాకా ఆగే టేకు, ప్రకటనల్లో ఇరవై ఏళ్లకే సిద్ధం. నీళ్లు పెట్టి పెంచితే లావెక్కుతుంది, నిజమే. కానీ లేత టేకులో చేవ తక్కువ. అది కోసిన కలపకు, అడవి టేకుకు పలికే ధర పలకదు. ఆ పైన సొంత పట్టా భూమిలో టేకు కొట్టాలన్నా అనుమతి కావాలి, రవాణాకు అటవీ శాఖ పర్మిట్ కావాలి. ఈ ముక్క ఏ ప్రకటనలోనూ నేను చూడలేదు.

సూపరింటెండెంటుగారు 2006లో పోయారు. ఆ కాగితాలను ఆయన విసిరెయ్యలేదు, పింఛను పుస్తకం ఉన్న అట్టపెట్టెలోనే ఉంచారు. మొన్న సంక్రాంతికి వాళ్ల అబ్బాయి తెచ్చి, ఇవి పారెయ్యవచ్చా అని అడిగాడు. నేను వద్దన్నాను. ఎందుకంటే అన్ని సంస్థలూ ఒక తీరువి కావు. కొన్ని పథకాల్లో చిన్న చిన్న ముక్కలుగా భూమిని నిజంగానే రిజిస్టరు చేసి ఇచ్చారు. అలాంటివి ఉన్నవారికి చెట్టు పోయినా నేల మిగిలి ఉండవచ్చు. ఆ నేల విలువ ఇవాళ టేకు కంటే ఎక్కువ కావచ్చు, లేదా ఇంకొకరి అనుభవంలో ఉండవచ్చు.

అందుచేత మీ ఇళ్లలో ఇలాంటి కాగితాలుంటే, మీవైనా, మీ నాన్నగారివైనా, మామగారివైనా, పెద్దక్షరాలు వదిలేసి ముందు వెనకవైపు చదవండి. సర్వే నెంబరు, గ్రామం పేరు ఉన్నాయా? సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజు నెంబరు, సంవత్సరం ఉన్నాయా? ఉంటే ఇ.సి. తీయించండి, పహాణీలో, అడంగల్లో ఇప్పుడు ఎవరి పేరుందో చూడండి. ఇప్పుడవి కంప్యూటర్లోనే దొరుకుతాయి, పిల్లలు అయిదు నిమిషాల్లో చూసి పెడతారు. సర్వే నెంబరు లేకుండా చెట్ల సంఖ్య ఒక్కటే ఉంటే, సంస్థ పేరు మీద సెబీ గాని కోర్టు గాని ఉత్తర్వు ఏదైనా ఇచ్చిందేమో చూడాలి. డబ్బు తిరిగి వస్తుందని నేను హామీ ఇవ్వను. మధ్యలో ఎవరైనా ఫోను చేసి, మీ పాత ప్లాంటేషన్ సొమ్ము మంజూరైంది, ఖర్చులకింద ముందు ఇంత కట్టండి అంటే మాత్రం పైసా కట్టకండి. మన సంఘంలోనే ఇద్దరికి అలాంటి ఫోన్లు వచ్చాయి.

మంగళవారం, శుక్రవారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా నేను సంఘం ఆఫీసులో ఉంటాను. కాగితాలు జెరాక్సు తీసి తెండి, అసలువి ఇంట్లోనే ఉంచండి. కళ్లద్దాలు మరిచిపోకండి, ఆ వెనకవైపు అక్షరాలు చాలా సన్నం.